హిరణ్యకశిపుడి తరఫున కొంచెంసేపు

(హైదరాబాద్ తార్నాకలో ఒక అపార్ట్‌మెంట్ సంఘం హాల్లో, తల్లిదండ్రుల కోసం పెట్టిన సభలో రిటైరైన తెలుగు టీచర్ ఒకరు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా అక్కడక్కడా కుదించాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినిపిస్తోందా? మైకు ఆగిపోయినా కంగారు పడకండి, అరవై మంది పిల్లల క్లాసులో చివరి బెంచీ దాకా పలికిన గొంతు ఇది. (నవ్వులు)

ఫోన్‌లో కార్యదర్శిగారు నన్ను అడిగింది ఇది: "చుట్టూ ఇన్ని మతాలు, ఇన్ని రకాల నమ్మకాలు. వీటి మధ్య మన పిల్లల్ని మన పద్ధతిలో పెంచుకోవడం ఎలాగో చెప్పండి మేడమ్." ఆయన గొంతులో కాస్త టెన్షన్ వినబడింది. ముందు వరసలో కొన్ని మొహాలు చూస్తే ఇక్కడా అదే ఉన్నట్టుంది.

మొదట నా సంగతి చెప్పేస్తాను, మధ్యలో ఎవరికీ అనుమానం రాకూడదు. మేం క్రైస్తవులం, సీఎస్‌ఐ వాళ్ళం, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అనే ప్రొటెస్టెంట్ సంఘం. మా పెద్దలది మెదక్ వైపు. అక్కడి పెద్ద చర్చి చూసే ఉంటారు, కరువు రోజుల్లో జనానికి పని ఇచ్చి, తిండి పెట్టి కట్టించారని చెబుతారు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేశారు. ఇక నేను బడిలో చెప్పింది తెలుగు. ఆదివారం చర్చిలో కీర్తనలు పాడేదాన్ని, సోమవారం క్లాసులో పోతనగారి ప్రహ్లాద చరిత్ర చెప్పేదాన్ని. దానివల్ల నా విశ్వాసానికి ఏమీ కాలేదు. పోతనగారికీ ఏమీ కాలేదు. (నవ్వులు)

అందుకని ఆయన దగ్గరే మొదలుపెడతాను. ప్రహ్లాదుడి కథ మీ అందరికీ తెలుసు. కానీ మనం ఎప్పుడూ పిల్లవాడి పక్కన నిలబడే ఆ కథ విన్నాం. ఇది తల్లిదండ్రుల సభ కాబట్టి ఇవాళ కొంచెంసేపు హిరణ్యకశిపుడి తరఫున మాట్లాడతాను. పాపం ఆయనకీ ఒక ఇల్లుంది, ఆ ఇంటికో నమ్మకం ఉంది, దానికో కారణం కూడా ఉంది. విష్ణువు ఆయన తమ్ముడిని చంపాడు. కొడుకుని ఆయన నిర్లక్ష్యం చెయ్యలేదు. శుక్రాచార్యుడి కొడుకులు చండామార్కుల దగ్గర వేశాడు. ఆ కాలానికి అంతకంటే పేరున్న స్కూలు ఎక్కడుంది? కొన్నాళ్ళయ్యాక పిల్లవాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఏం నేర్చుకున్నావు నాయనా, చెప్పు, అని ముద్దుగా అడిగాడు. ఏనుగులు, పాములు మనకి గుర్తుంటాయి కానీ ఆ ఒడి గుర్తుండదు.

పిల్లవాడు హరి పేరెత్తాడు. తండ్రికి మొదట వచ్చిన ఆలోచన ఏమిటి? వీడికిది ఎవరో ఎక్కించారు. వెంటనే గురువుల మీద పడ్డాడు. మీరేం చెబుతున్నారు, ఎవరిని రానిస్తున్నారు, అని నిలదీశాడు. వాళ్ళు మా తప్పేం లేదు మహాప్రభో అన్నారు. నేను హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నప్పుడు నా గదికి వచ్చిన తల్లిదండ్రుల్లో చాలామంది ఇదే వరసలో వచ్చారు. ముందు పక్క బెంచీ స్నేహితుడు, తర్వాత టీచర్, ఈమధ్య ఫోను. వాడికే ఆలోచన పుట్టి ఉండొచ్చని చివరికి కూడా అనుకోరు.

మరి ప్రహ్లాదుడికి నిజంగా ఎవరు చెప్పారు? గురువులు పక్కకి వెళ్ళినప్పుడు తోటి పిల్లలకి వాడే చెబుతాడు. తండ్రి తపస్సుకి వెళ్ళిపోయాడు. ఇంద్రుడు తల్లిని పట్టుకుపోతుంటే నారదుడు అడ్డుపడి తన ఆశ్రమంలో ఉంచాడు. ఆమెకి ఆయన చెప్పిన మాటలు కడుపులో ఉన్న బిడ్డ విన్నాడు. ఆ సమయంలో తండ్రి ఎక్కడున్నాడు? మందర పర్వతం దగ్గర, తన వరాల పని మీద ఉన్నాడు. గచ్చిబౌలి అనుకోండి. (నవ్వులు)

నవ్వకండి, అమెరికా క్లయింటు కాల్ కూడా తపస్సే, వరం ఇచ్చేదాకా లేవనివ్వరు. నారదుడి మీద కోపం తెచ్చుకోవడం తేలిక. కానీ ఆ తల్లికి నీడ ఇచ్చింది, కూర్చుని మాట్లాడింది ఆయన. పిల్లలు తమ కోసం తీరిక చేసుకున్నవాళ్ళ మాట నమ్ముతారు. ఈ సాయంత్రం నేను చెప్పడానికి వచ్చింది దాదాపుగా ఇంతే. మిగతాదంతా దీని చుట్టూ తిరుగుతుంది, ఇంటికి వెళ్ళాల్సినవాళ్ళు వెళ్ళొచ్చు.

ఎవరూ లేవలేదు. సరే.

పిల్లలు ఎదురు ప్రశ్న వేస్తే మతం పోతుందని భయపడతాం. మన మతాలే అలా భయపడలేదు. కఠోపనిషత్తులో నచికేతుడు ఏం చేశాడు? తండ్రి యజ్ఞం చేసి, పాలు వట్టిపోయిన ముసలి ఆవుల్ని దానం ఇస్తుంటే చూశాడు. నన్నెవరికి ఇస్తావు నాన్నా, అని అడిగాడు. ఒకసారి కాదు, తండ్రికి విసుగొచ్చేదాకా అడిగాడు. మా సువార్తలో యేసుకి పన్నెండేళ్ళప్పుడు పండక్కి యెరూషలేము తీసుకెళితే, తిరుగు ప్రయాణంలో పిల్లవాడు కనబడలేదు. మూడు రోజులకి దేవాలయంలో దొరికాడు. బోధకుల మధ్య కూర్చుని వింటున్నాడు, ప్రశ్నలు అడుగుతున్నాడు. తల్లి ఎందుకిలా చేశావని అడిగింది. ఖురాన్‌లో ఇబ్రాహీం ప్రవక్త తండ్రితో, మీరు పూజించే ఈ విగ్రహాలు వినవు కదా, చూడవు కదా, అంటారు. "నాన్నా, నాన్నా" అని మెత్తగా పిలుస్తూనే అంటారు. తండ్రి రాళ్ళతో కొట్టిస్తానంటే, మీకు శాంతి కలగాలి, అని సలాం చెప్పి పక్కకి తప్పుకుంటారు. గురునానక్ చిన్నప్పుడు జంధ్యం వేసుకోనన్నారని సిక్కులు చెప్పుకుంటారు. చూడండి, పిల్లవాడు పెద్దల్ని ప్రశ్నించిన కథ లేని మతం ఒక్కటి దొరకదు. గుళ్ళో, చర్చిలో, మసీదులో ఆ కథల్ని భక్తిగా వింటాం. అదే ప్రశ్న మన డైనింగ్ టేబుల్ దగ్గర వస్తే "ముందు అన్నం తిను" అంటాం.

ఇక మన ఊరి సంగతి. వేరే మతాలు కళ్ళపడకుండా హైదరాబాద్‌లో పిల్లల్ని పెంచుదామనుకున్నవాళ్ళు ఊరు మారాలి. ఇక్కడ అది కుదిరే పని కాదు. ఆషాఢం వస్తే గోల్కొండ నుంచి మొదలై, సికింద్రాబాద్, లాల్‌దర్వాజా దాకా బోనాలు. మొహర్రం పదో రోజున డబీర్‌పురా నుంచి ఏనుగు మీద బీబీ కా ఆలం అనే పవిత్ర ధ్వజం. డిసెంబర్‌లో బాల్కనీల్లో కాగితం నక్షత్రాలు. రంజాన్‌లో హలీం దగ్గర అన్ని మతాలవాళ్ళూ లైన్‌లోనే ఉంటారు, ఆ విషయంలో మాత్రం ఎవరూ తల్లిదండ్రుల అనుమతి అడగరు. (నవ్వులు) ఊళ్ళలో పీర్ల పండగకి హిందువులు అలావా అనే నిప్పుల గుండం చుట్టూ ఆడడం నా తరం వాళ్ళంతా చూసిందే.

ఇవన్నీ చూస్తే పిల్లలకి ప్రశ్నలు వస్తాయి. ఆ ఆంటీ నెత్తిమీద కుండ ఎందుకు పెట్టుకుంది? ఆ అన్నయ్యలు గుండెలు ఎందుకు బాదుకుంటున్నారు? అప్పుడు మనం చేసే తప్పుడు పని ఒకటుంది. "అది వాళ్ళ ఆచారంలే" అంటాం. ఆ మాటతో పిల్లవాడికి ఏమీ తెలియదు, పైగా వాళ్ళు కాస్త విచిత్రమైనవాళ్ళని మాత్రం తెలుస్తుంది. అసలు కథ చెప్పండి. 1813లో కలరాతో జనం చచ్చిపోతున్నారు. ఇక్కడి నుంచి ఉజ్జయినికి వెళ్ళిన సైన్యంలో పనిచేసే సురిటి అప్పయ్య అనే ఆయన, ఈ గత్తర తగ్గితే మా ఊళ్ళో నీకు గుడి కడతానమ్మా అని మహంకాళికి మొక్కుకున్నాడు. తిరిగొచ్చి 1815లో సికింద్రాబాద్‌లో అమ్మవారిని నిలిపాడు. 2020 చూసిన పిల్లలకి ఈ కథ ఎంత బాగా అర్థమవుతుందో! అలాగే క్రీస్తు శకం 680లో కర్బలా దగ్గర ఇమామ్ హుస్సేన్‌ని, ఆయన వెంట ఉన్న కొద్దిమందిని నీళ్ళు కూడా అందనివ్వకుండా చంపారని చెప్పండి. గుండెలు బాదుకోవడం ఎందుకో పదేళ్ళ పిల్లకి తెలిసిపోతుంది. నేను కాళిని పూజించను. మొహర్రం పాటించను. అయినా ఈ రెండు కథలూ నా పిల్లలకి నేనే చెప్పాను. అప్పయ్య భయం వాళ్ళకి అర్థమైంది, దానితో వాళ్ళ ప్రార్థన ఏమీ మారలేదు.

ఇదివరకటికి ఇప్పటికి తేడా లేదని నేననను. మా చిన్నప్పుడు వేరే మతం అంటే ఒక మనిషి. పక్కింటి ఖాలా సేమియా పంపేది, ఎదురింటి అత్తయ్య సంక్రాంతికి సకినాలు ఇచ్చేది, మేం కేకు పంచేవాళ్ళం. ఆ మతంలో నాకు నచ్చనిది ఏదైనా ఉన్నా, దాని పక్కనే ఆ మనిషి మొహం ఉండేది. ఇప్పుడు మనిషి లేకుండా మతం వస్తోంది, ముప్పై సెకన్ల వీడియోలో. ఒకాయన వేరే మతం గ్రంథంలోంచి ఒక వాక్యం చదివి వెక్కిరిస్తాడు. కింద వెయ్యిమంది తిట్టుకుంటారు. మన పిల్లవాడికి ఆ మతం గురించి తెలిసిన మొదటి సంగతి అదే అవుతుంది. వేరే నమ్మకాలు కంటబడుతున్నాయని మీరు భయపడితే నేను ఒప్పుకోను. ఇలా కంటబడుతున్నాయని భయపడితే మాత్రం నేనూ మీ పక్కనే కూర్చుంటాను.

ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా సర్వే సంస్థ వాళ్ళు 2019 చివర, 2020 మొదట్లో మన దేశంలో దాదాపు 30,000 మందిని కలిసి అడిగారు. అన్ని మతాలనూ గౌరవించడం నిజమైన భారతీయులకి చాలా ముఖ్యం అన్నవాళ్ళు నూటికి 84 మంది. తమ దగ్గరి స్నేహితులంతా, లేదా ఎక్కువమంది, సొంత మతంవాళ్ళే అన్నవాళ్ళు నూటికి 86 మంది. అంటే గౌరవిస్తాం, కానీ ఇంటికి పిలవం. ఆ ఖాళీని వీడియోలు నింపుతున్నాయి. పిల్లల పుట్టినరోజుకి ఎవరెవరిని పిలిచామో ఒకసారి గుర్తు చేసుకోండి. నేనేమీ అడగను.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన ప్రశ్నకి వస్తాను. సండే స్కూల్లో రక్షణ గురించి చెబుతారు. ఇంటికొచ్చి పిల్ల అడుగుతుంది, "మరి మా క్లాసులో రహీమ్ నరకానికి వెళతాడా?" ముస్లిం ఇళ్ళలోనూ ఇలాంటి ప్రశ్న వస్తుంది. హిందూ ఇళ్ళలో వేరే రూపంలో వస్తుంది, వాళ్ళు మాంసం తింటారు కదా, పాపం కాదా, అని. ఇక్కడ చదువుకున్న తల్లిదండ్రులు తేలిగ్గా తప్పించుకునే దారి ఒకటుంది: "అన్ని మతాలూ ఒకటేనమ్మా."

నాకు ఆ మాట నచ్చదు. అది మంచి మనసుతో చెప్పే మాటే. కానీ పిల్లలు చూస్తూనే ఉంటారు. ఒక ఇంట్లో విగ్రహానికి నైవేద్యం పెడతారు, ఇంకో ఇంట్లో విగ్రహమే వద్దంటారు. ఒకరు పునర్జన్మ అంటారు, ఇంకొకరు తీర్పు రోజు అంటారు. ఇవి ఒకటెలా అవుతాయి? ఎనిమిదేళ్ళ పిల్ల అప్పటికి ఊరుకుంటుంది, పద్నాలుగేళ్ళకి అమ్మ ఆలోచించకుండా చెప్పిందని తెలుసుకుంటుంది. ఆ తర్వాత మనం దేవుడి గురించి ఏం చెప్పినా ఆ లెక్కలోనే వేసుకుంటుంది. నేను మా ఇంట్లో చెప్పిన మాట ఇది: మనం యేసుని నమ్ముతాం, ఎందుకు నమ్ముతామో నీకు చెబుతాను. రహీమ్ వాళ్ళు అల్లాని నమ్ముతారు, ఎందుకో వాడినే అడుగు, వాడు నాకంటే బాగా చెబుతాడు. ఎవరు ఎక్కడికి వెళతారన్నది దేవుడి పని. ఆయన ఆ పని మనకి అప్పజెప్పలేదు, రహీమ్‌తో అన్నం పంచుకునే పని మాత్రం అప్పజెప్పాడు. మీ ఇంట్లో జవాబు వేరేగా ఉండొచ్చు. నా జవాబు చాలా మెత్తగా ఉందనే పాస్టర్లు ఉన్నారు, వాళ్ళు నాతో వాదిస్తారు, నేనూ వాదిస్తాను. కానీ ఏదో ఒక జవాబు మీ నోటి నుంచి రావాలి. "పెద్దయ్యాక తెలుస్తుంది" అని వదిలేస్తే ఎవరు చెబుతారో ఇందాక అనుకున్నాం.

ప్రసాదం సంగతి. నవ్వుతున్నారంటే అందరి ఇళ్ళలోనూ ఉందన్నమాట. వినాయక చవితికి ఇక్కడ కిందనే మండపం పెడతారు కదా. ఒక ఏడాది మా చర్చికి వచ్చే కుటుంబం పిల్లవాడు లడ్డూ తీసుకుని, అందరి ముందూ నవ్వి, వెనక్కి వెళ్ళి మొక్కల్లో పడేయడం చూశాను. ఇంట్లో తినొద్దన్నారు, ఇక్కడ వద్దనడం ఎలాగో ఎవరూ నేర్పలేదు. తింటే ఒక పద్ధతి, వద్దంటే ఒక పద్ధతి, ఈ మూడోది మాత్రం ఎవరి మతంలోనూ లేదు. పిల్లవాడు రెండు చోట్లా దొంగ అయ్యాడు.

ఇది కొత్త సమస్య కూడా కాదు. కొరింథు పట్టణంలో క్రైస్తవులకి ఇదే గొడవ వచ్చింది, విగ్రహాలకి పెట్టిన మాంసం తినొచ్చా అని. అపొస్తలుడైన పౌలు రాసిన జవాబు చాలా దూరం వెళుతుంది. తినడం వల్ల మనం మెరుగవ్వం, తినకపోవడం వల్ల తగ్గిపోం, కానీ నీ తిండి చూసి నీ తోటివాడి మనస్సాక్షి దెబ్బతినకూడదు, అని ఆ మాటల సారం. కాబట్టి మా సంఘంలోనే తినేవాళ్ళూ ఉన్నారు, తినని వాళ్ళూ ఉన్నారు. మీ ఇంటి నియమం ఏదైనా సరే, పిల్లలకి ఒక వాక్యం నోటికి రానివ్వండి: "థాంక్స్ ఆంటీ, మేం ప్రసాదం తినం, మీ మండపం చాలా బాగుంది." నమస్కారం పెట్టి చెప్పాలి. దీన్ని ఇంట్లో రెండు మూడుసార్లు చెప్పించండి, సిగ్గు పోతుంది. ప్రసాదం ఇచ్చేవాళ్ళకి కూడా ఒక మాట. చిన్నపిల్ల వద్దంటే "ఏం, మా దేవుడు పనికిరాడా?" అనకండి. మీ అబ్బాయి హలాల్ బిర్యానీనో, కేకులో గుడ్డునో వద్దంటే మీరు అవతలివాళ్ళ నుంచి ఎలాంటి మర్యాద కోరుకుంటారో అదే.

వేరేవాళ్ళ ఇంటికి, గుడికి వెళ్ళినప్పుడు అతిథిగా ఎలా ఉండాలో నేర్పాలి. చెప్పులు ఎక్కడ విప్పాలి, తల ఎక్కడ కప్పుకోవాలి, ఎక్కడ నిలబడాలి, ఎక్కడ లోపలికి వెళ్ళకూడదు. అబిడ్స్ వైపు, సికింద్రాబాద్‌లో పార్సీల అగ్ని ఆలయాలున్నాయి. పార్సీలు కానివాళ్ళని లోపలికి రానివ్వరు. దాన్ని బయటి నుంచి చూపించి పిల్లలకి చెప్పండి, కొన్ని తలుపులు మనకి తెరుచుకోవు, అందులో అవమానం ఏమీ లేదు, అని. సికింద్రాబాద్ సెయింట్ మేరీస్‌కి నేను వెళతాను, కానీ కతోలికుల దివ్యసత్ప్రసాదం తీసుకోవడానికి లైన్‌లో నిలబడను. క్రైస్తవులమే అయినా.

బడి గురించి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇక్కడ చట్టం చాలామటుకు తేల్చేసింది. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మతబోధన ఉండదు. ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న బడిలో మతబోధన ఉన్నా, ప్రార్థనలు ఉన్నా, మైనరు పిల్లలైతే తల్లిదండ్రులు ఒప్పుకోకుండా పాల్గొనమని బలవంతం చెయ్యకూడదు. మిషన్ స్కూల్లో చేర్పించి, బైబిలు క్లాసు గురించి నాలుగేళ్ళ తర్వాత గొడవపడేవాళ్ళని చూశాను. అడ్మిషన్ రోజునే అడగండి. ఇక పాఠం వేరు, ప్రార్థన వేరు. ఒక ముస్లిం తండ్రి నా దగ్గరికొచ్చి, మా అమ్మాయి విష్ణువు పద్యాలు ఎందుకు కంఠస్థం చెయ్యాలి మేడమ్, అన్నారు. నేను చెప్పాను: నేనూ విష్ణువుని పూజించను సాబ్, కానీ పోతన లేకుండా తెలుగు రాదు. మీ అమ్మాయి పద్యం చెబుతుంది, దండం పెట్టాల్సిన పనిలేదు. ఆయన కాసేపు ఆలోచించి, గాలిబ్ చదివే హిందూ స్నేహితులు తనకీ ఉన్నారన్నారు. ఆ అమ్మాయి మత్తేభాన్ని యతి దగ్గర ఆపి చదివే తీరు మా స్టాఫ్‌లో కూడా ఎవరికీ లేదు.

ఒక కేసు మాత్రం చెప్పాలి, ఎందుకంటే తీర్పు రాసింది మన తెలుగాయన, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. కేరళలో యెహోవాసాక్షులనే క్రైస్తవ శాఖకి చెందిన కుటుంబం పిల్లలు ముగ్గురు. జాతీయగీతం పాడేటప్పుడు గౌరవంగా లేచి నిలబడేవాళ్ళు, కానీ పాడేవాళ్ళు కాదు, తమ నమ్మకం ఒప్పుకోదని. 1985 జులైలో బడి నుంచి తీసేశారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్ళని తిరిగి చేర్చుకోమంది. మన సంప్రదాయం, మన తత్వం, మన రాజ్యాంగం సహనాన్నే చెబుతున్నాయి, దాన్ని పలుచన చెయ్యొద్దు, అని ఆ తీర్పు సారాంశం. ఆ నమ్మకంతో నాకు ఏకీభావం లేదు, నేను గొంతెత్తి పాడతాను. కానీ ఆ పిల్లల్ని చూడండి. లేచి నిలబడ్డారు. ఎందుకు పాడటం లేదో వాళ్ళకి తెలుసు. వాళ్ళ ఇంట్లో ఎవరో కూర్చుని చెప్పి ఉంటారు.

కూర్చోవడం అంటే ఏమిటని అడుగుతారు. అమెరికాలో వెర్న్ బెంగ్ట్‌సన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970 నుంచి 2005 వరకు 350కి పైగా కుటుంబాలను, నాలుగు తరాలను, గమనించాడు. తల్లిదండ్రుల నమ్మకం పిల్లలకి అందడంలో వాళ్ళ మధ్య ఉన్న దగ్గరితనం, ముఖ్యంగా తండ్రితో ఉన్న దగ్గరితనం, చాలా పనిచేస్తుందని చెప్పాడు. అక్కడి కుటుంబాలు వేరు, మనవి వేరు, అది సరే. కానీ ఆదివారం పొద్దున మా చర్చి గేటు దగ్గర నేను చూసేది దీనికి సరిపోతుంది. నాన్న కారు ఆపుతాడు, పిల్లల్ని సండే స్కూలుకి దింపుతాడు, కారులోనే ఫోన్ చూస్తూ కూర్చుంటాడు. పిల్లలు ఏం నేర్చుకుంటున్నారు? మతం చిన్నపిల్లల వ్యవహారమని, పెద్దయితే కారులో కూర్చోవచ్చని. హిందూ ఇళ్ళలో దీపం నాయనమ్మ పెడుతుంది, మిగతావాళ్ళకి పరీక్షల ముందు రోజు దేవుడు గుర్తొస్తాడు. చిలుకూరు బాలాజీకి కోరిక కోసం పదకొండు ప్రదక్షిణలు, తీరితే నూట ఎనిమిది. ఆ భక్తిని నేను తక్కువ చెయ్యను. కానీ పిల్లవాడికి దేవుడితో ఉన్న సంబంధం అంతా ర్యాంకు దగ్గరే మొదలైతే, ర్యాంకు రాని ఏడాది ఆ దేవుడు ఏమైపోవాలి?

కులం సంగతి కూడా ఎత్తాలి, ఎత్తకపోతే మన పిల్లలే నవ్వుతారు. మా చర్చిలో కులం లేదని నేను వేదిక మీద చెబితే, పెళ్ళి సంబంధాలప్పుడు విన్న మాటలు మా పిల్లలకి గుర్తొస్తాయి. పనిమనిషికి వేరే గ్లాసు పెట్టిన ఇంట్లో, దేవుడు అందరిలోనూ ఉన్నాడన్న పాఠం నిలబడదు. చిలుకూరు అర్చకులు సి.ఎస్. రంగరాజన్ గారు 2018లో జియాగూడ రంగనాథస్వామి గుడిలోకి ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద ఎత్తుకుని తీసుకెళ్ళారు. మతం గురించి గంటసేపు చెప్పే బదులు ఆ ఫోటో చూపించండి.

భార్యాభర్తలవి వేర్వేరు మతాలైన ఇళ్ళు ఇప్పుడు మన మధ్య ఉన్నాయి. వాళ్ళకి ఒక్కటే చెబుతాను. బిడ్డ పుట్టకముందే మాట్లాడుకోండి. లేకపోతే ఒక అమ్మమ్మ పుట్టువెంట్రుకలకి, ఇంకో నానమ్మ బాప్తిస్మానికి ముహూర్తం పెట్టేస్తారు, రెండూ ఒకే వారం వస్తాయి. (నవ్వులు)

పద్నాలుగు, పదిహేనేళ్ళకి పిల్లలు "నేను రాను" అంటారు. గుడికి రాను, చర్చికి రాను, నమాజుకి రాను. మా పద్ధతిలో పసిబిడ్డకి బాప్తిస్మం ఇచ్చినప్పుడు మాట ఇచ్చేది తల్లిదండ్రులు. పెద్దయ్యాక కన్ఫర్మేషన్ అప్పుడు ఆ పిల్లలే సంఘం ముందు నిలబడి సొంత నోటితో ఆ మాట చెప్పాలి. చెప్పాలి అంటే, చెప్పకపోయే వీలు కూడా ఉన్నట్టే కదా. మా పెద్దలు ఆ ఖాళీని తెలిసే ఉంచారు. పిల్లల మనస్సాక్షి స్వేచ్ఛ గురించి, వయసుతో పాటు ఎదిగే వాళ్ళ సామర్థ్యాన్ని బట్టి తల్లిదండ్రులు దారి చూపడం గురించి 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో రాశారు. 1992లో మన దేశం అందులో చేరింది. రానన్నవాణ్ణి ఈడ్చుకెళ్ళకండి. అలాగని భోజనానికి ముందు మీరు చేసే ప్రార్థన వాడి కోసం మానకండి. వాడు పక్కన చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటాడు, కూర్చోనివ్వండి. పండగ పూట నాయనమ్మ దగ్గరికి మాత్రం రావాలి, అది మతం కింద రాదు, మర్యాద కింద వస్తుంది.

సరే, ప్రశ్నలుంటే అడగండి.

(ఒక తల్లి: మేడమ్, మేమూ క్రిస్టియన్సే. మా బాబు టెన్త్. వాడి ఫ్రెండ్స్ అందరూ అయ్యప్ప మాల వేసుకున్నారు, వాడూ వేసుకుంటానంటున్నాడు. వాళ్ళ నాన్న రెండు రోజులుగా వాడితో మాట్లాడటం లేదు.)

ముందు వాళ్ళ నాన్నగారిని మాట్లాడమనండి. పోట్లాడినా ఫరవాలేదు, మాట్లాడకపోతేనే ప్రమాదం, హిరణ్యకశిపుడు కూడా మాట్లాడటం మానలేదు. (నవ్వులు) తర్వాత బాబుని కూర్చోబెట్టి అడగండి. మాల అంటే నల్లబట్టలు వేసుకుని స్నేహితులతో తిరగడం కాదు కదా. నలభై ఒక్క రోజుల దీక్ష. గురుస్వామి చేతుల మీదుగా వేసుకోవాలి. తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం, రెండుపూటలా పూజ, నేలమీద పడక. ఇంట్లో వంట కూడా నియమంగా ఉండాలి, డిసెంబర్‌లో మీ ఇంట్లో క్రిస్మస్ వంటలు ఉంటాయి. ఇదంతా వాడు అయ్యప్పని నమ్మి చేస్తాడా, గ్యాంగ్‌లో ఒంటరి కాకూడదని చేస్తాడా, అడగండి. గ్యాంగ్ కోసమైతే, ఆ స్నేహితులు నిజంగా నమ్మి చేస్తున్న దీక్షని వీడు డ్రెస్‌లాగా వాడుకున్నట్టు అవుతుంది. అది వాళ్ళకి అవమానం. పదిహేనేళ్ళ పిల్లవాడికి ఈ మాట అర్థమవుతుంది, మన మతం పోతుందన్న మాట కంటే త్వరగా అర్థమవుతుంది. స్నేహితులు ఇరుముడి కట్టుకునే రోజున వెళ్ళమనండి, స్టేషన్ దాకా వెళ్ళి సాగనంపి రమ్మనండి. శబరిమల వెళ్ళే అయ్యప్పలు దారిలో ఎరుమేలి దగ్గర వావర్ మసీదుకి వెళ్ళి వెళతారు, ఆ సంగతి వాళ్ళనే అడిగి తెలుసుకోమనండి.

నిజంగా నమ్మే చేస్తానంటాడా? అప్పుడది ఒక సాయంత్రంలో తేలే మాట కాదు. మీ పాస్టర్‌గారి దగ్గరికి పంపే ముందు వాళ్ళ నాన్నగారు వాడితో ఒక ఆదివారం మొత్తం గడపాలి. ఫోన్ ఇంట్లో పెట్టి.